అమెరికా మైదా లేని పెళ్లి రొట్టెలు

ఆ ఏడు చైనాలోని కాంటన్‌లో ఏ గోడ చూసినా ఒకటే కాగితం: మనవాళ్లను తన దేశంలోకి రానివ్వని అమెరికా సరుకు కొనకండి. కొనకపోతే బతకమా ఏమిటని అందరూ అన్నారు గానీ, రొట్టెల వాళ్లకు వచ్చిన కష్టం మిగతా వాళ్లకు రాలేదు. పడమటి పేటలో పున్ సౌహా రొట్టెలు మల్లెపూవుల్లా తెల్లగా ఉండేవంటే అది ఆమె చేతి చలవ ఒక్కటే కాదు, ఓడల మీద వచ్చే అమెరికా మైదా చలవ కూడాను. ఆ మైదాని సౌహా వేసవిలోనే మానేసింది.

గోడ మీద కాగితం చదివి మానలేదు. ఆమెకు చదువెక్కడిది? కొడుకు కిన్‌ని చూసి మానేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మేనమామ కొట్లో గుమాస్తాగా చేరతానని, కావలసిన కాగితాలన్నీ పట్టుకుని వాడు ఓడెక్కాడు. రేవులోనే ఒక చెక్క షెడ్డులో ఆరు వారాలు కూర్చోబెట్టి, తిరుగు ఓడ ఎక్కించారు. అక్కడేం జరిగిందో తల్లికి ఒక్కదానికే చెప్పాడు, అదీ ఒక్కసారే. అప్పట్నుంచీ వెనక గదిలో తిరగలి తిప్పుకుంటూ ఉంటాడు. కొట్టు ముందుకు రాడు, పేటలో ఎవరితోనూ మాట్లాడడు.

ఎనిమిదో నెలలో హో వారింట పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు ఇంటి నుంచి పెళ్లికూతురి చుట్టాలందరికీ తామరగింజల పూర్ణం పెట్టిన రొట్టెలు వెళ్లాలి. పెళ్లికొడుకు తల్లి హో అమ్మగారు స్వయంగా పల్లకి దిగి వచ్చింది.

"ఇదిగో సౌహా, ఈమధ్య నీ రొట్టెలు మసిగుడ్డలా ఉంటున్నాయట. నా కొడుకు పెళ్లికి అలా వచ్చాయో, మళ్లీ నీ గడప తొక్కను. నేను తొక్కకపోతే ఇంకెవరు తొక్కుతారో చూసుకో."

అది ఉత్త బెదిరింపు కాదు. పేటలో ఏ పెళ్లికైనా హో అమ్మగారు చెప్పిన కొట్టుకే వెళ్లేవారు. సౌహాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

తెల్లారి పిండి వర్తకుడు వాన్ ముసలాయన దేవుడిలా వచ్చాడు. "ఉత్తరాన కొత్త మిల్లు పెట్టారు వదినా! మన గోధుమే, ఎంత తెల్లగా ఆడుతోందో చూడు" అన్నాడు. బస్తాల మీద ఉన్నవీ చైనా అక్షరాలే. సౌహా గుప్పెడు తీసి చూసింది. పాల మీగడలా ఉంది. నమ్మింది. నమ్మాలని ఉన్నప్పుడు ఎవరు నమ్మరు?

పెళ్లి ముందురోజు వేకువనే పొయ్యి వెలిగించి, పొద్దెక్కేసరికి రొట్టెలన్నీ దించేసింది. అంతలో డాక్టరమ్మ వచ్చింది. మిషన్ ఆసుపత్రి అమెరికా ఆవిడ, పేరు హ్యారియెట్. పన్నెండేళ్లుగా ఆ పేటలోనే ఉండి, బేరాలాడటంలో పేట ఆడవాళ్లను మించిపోయింది.

"నా మీద కోపమా సౌహా? రమ్మని కబురే లేదు."

"నీ మీద కోపమెందుకే తల్లీ! నువ్వు మా ఊరొచ్చిన రోజున నిన్నెవరైనా షెడ్డులో కూర్చోబెట్టారా? లేదు కదా. ఇప్పుడు మాత్రం ఎందుకు నిలబడతావు? కూర్చో, తిను."

డాక్టరమ్మ వేడివేడి రొట్టె కొరికింది. కళ్లు మూసుకుంది.

"అబ్బ! అచ్చం మా అమ్మ వంటింటి వాసన. మా నాన్న పండించే గోధుమ ఇలాగే ఉంటుంది."

సౌహా చెయ్యి ఆగిపోయింది. మిగిలిన పిండిలోంచి కాస్త తీసి, ముద్ద చేసి, నీళ్లలో పిసికి కడిగింది. మిగిలిన జిగురు వేళ్ల మధ్య బంకలా సాగింది, తెగలేదు. మన గోధుమ అంత సాగదు. బస్తాలు మార్చి అమ్మాడు ముసలి దొంగ!

డాక్టరమ్మకు సంగతి అర్థమై మొహం వాడిపోయింది. "పోనీ సౌహా, ఎవరికి తెలుస్తుంది? ఆ గోధుమ పండించిన రైతు ఏ పాపం చేశాడు?"

"నా కొడుకు ఏ పాపం చేశాడు?"

సౌహా ఒక్కొక్క పళ్లెమే ఎత్తి పక్కకు నెట్టేస్తుంటే పల్లకి వచ్చి ఆగింది. తెల్లటి రొట్టెలు చూసి హో అమ్మగారి మొహం వెలిగిపోయింది.

"చూశావా, గట్టిగా అడిగితే ఎలా వచ్చాయో!"

"ఇవి ఇవ్వను అమ్మగారూ. ఇది అమెరికా పిండి, నన్ను మోసం చేసి అమ్మారు. మా తిరగలి పిండితో మళ్లీ చేస్తాను. నల్లగానే ఉంటాయి."

"మతి గానీ పోయిందా? రేపే పెళ్లి! నాకు లేని పట్టింపు నీకెందుకు?"

"నా పొయ్యి కాబట్టి."

"అయితే నీ పొయ్యితో నువ్వే ఊరేగు" అని ఆవిడ వెనక్కి తిరిగింది.

అప్పుడు వెనక గది తెర కదిలింది. కిన్ పిండి చేతులతోనే ముందుకొచ్చాడు. తల్లి పిలవలేదు.

"బట్టలు విప్పించి కొలిచారు అమ్మగారూ. చెవులు, వేళ్లు, పాదాలు. దొంగల్ని కొలిచినట్టు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా కొలిచారు. ఆ దేశం పిండి మా ఇంట్లోంచి ఎవరి పెళ్లికీ వెళ్లదు."

హో అమ్మగారు వాణ్ని కిందనుంచి పైదాకా చూసింది.

"మా తమ్ముడు వచ్చే నెల అక్కడికే వెళ్తున్నాడు" అంది, గొంతు దించి.

కిన్ తిరగలి గదిలోకి వెళ్లాడు.

డాక్టరమ్మ లేచి, పక్కకు నెట్టిన పళ్లెంలోంచి ఒక రొట్టె తీసి రుమాలులో చుట్టుకుంది. "ఇది ఎందుకు తిరిగొచ్చిందో రాసి మా నాన్నకు పంపుతాను. ఆయన మా ఊళ్లో నలుగురికీ చదివి వినిపిస్తాడు."

"రాయి. పిండి మాత్రం మంచిదని కూడా రాయి" అంది సౌహా. "మిగిలినవి మీ రోగులకు పట్టుకెళ్లు. తిండి పారేసే పాపం నాకొద్దు."

అప్పటికే కిన్ తిరగలి పిండి తెచ్చి కుప్ప పోశాడు. సౌహా కొంగు బిగించి అందులో చెయ్యి పెట్టింది. హో అమ్మగారు పల్లకి దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చింది.

"నల్లగా ఉంటే ఉండనీ. అచ్చు మాత్రం సరిగ్గా పడాలి. రొట్టె మీద పెళ్లి శుభాక్షరం కనబడాలి."

"కనబడుతుంది. పొద్దుగూకేలోగా మనుషుల్ని పంపండి. మీ వియ్యపురాలు ఇదేమిటి ఇంత నల్లగా అంటే?"

"అడగనీ. అడక్కపోయినా చెబుతాను" అంది హో అమ్మగారు, పల్లకి తెర తనే లాక్కుంటూ.