పడుగులో ముడులు

తను మగ్గం నడిపే కారఖానాలో కిటికీకి పట్టిన సాలెగూడును హారతి రెండు చలికాలాలు చూసింది. మంచు కురిసిన పొద్దున నున్నటి పోగు మీద నీళ్ళు నిలవవు; పోగు ఉబ్బిన చోటికే చేరి బొట్టు కడతాయి. మగ్గం మీద ముడి పడితే సేఠ్ తిడతాడు. ఆ ముడులనే కావాలని వేసి, పారేసిన పాలియెస్టర్ దారంతో, మేకులు కొట్టిన చట్రం మీద ఆమె ఒక వల నేసింది. సూరత్ శివారు భేస్తాన్‌లో తాముండే ఇంటి డాబా మీద కడితే తెల్లారేసరికి కింద పెట్టిన చెంబు సగం నిండింది.

చిన్నమ్మ కూతురు భావన ఇంజనీరింగు చదువుతోంది. చెంబు చూసి ఎగిరి గంతేసింది.

"ఎడారిల ఒక పురుగు, వీపు మీది బొడిపెలతోని గిట్లనే మంచు పట్టుకుంటదట అక్కా! మా కాలేజీ ఎగ్జిబిషన్‌ల పెడ్దాం. బోర్డు మీద ఇద్దరి పేర్లు!"

పదో తరగతితో చదువు ఆగిన హారతి, తప్పు పోకుండా తన పేరు ఇంగ్లీషులో చీటీ మీద రాసిచ్చింది.

ఎగ్జిబిషన్ రోజు ఉన్న ఒక్క మంచి చీర కట్టుకుని వెళ్ళింది. బోర్డు మీద ఇద్దరి పేర్లే ఉన్నాయి. రెండోది భావన క్లాసులో చదివే రాఘవది.

వల మీదికి ఆవిరి వదులుతున్నారు. ముడుల దగ్గర బొట్లు ఉబ్బుతున్నాయి గానీ జారడం లేదు. మార్కులు వేసే సారు గడియారం చూసుకున్నాడు. భావన ముఖం పాలిపోయింది. వలను అడ్డంగా కట్టారు. ముడులున్నవి పడుగు పోగులు, అవి నిలువుగా ఉంటేనే బొట్టు దిగుతుంది. హారతి చూస్తూ ఊరుకోలేకపోయింది. వెళ్ళి తిప్పి కట్టింది. కాసేపటికి గ్లాసులో టప్పున చుక్క పడింది. చప్పట్లు మోగాయి.

"ఈమె ఎవరు?" అన్నాడు సారు హిందీలో.

"మా పక్కింటామె సార్. మేం చెప్పినట్టు నేసిపెట్టింది," అంది భావన అదే హిందీలో.

పదేళ్ళుగా సూరత్‌లో ఉన్న హారతికి ఆపాటి హిందీ రాకపోతుందా?

భావన దగ్గరికొచ్చి గుసగుసలాడింది. "ఏమనుకోకక్కా. ఇంటికొచ్చి అంత చెప్త."

"ఏ ఇంటికి? పక్కింటికా?"

హారతి కొక్కేలు విప్పి, తడి వలను మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఏందక్కా గిది! జర ఆగు, ఇంక సార్లు వస్తరు!"

ఆగలేదు. షేర్ ఆటోలో సంచి ఒళ్ళో పెట్టుకుంది. పక్కన కూర్చున్న ముసలామె, "బేటీ, సంచి కారుతోంది, చీర పాడవుతుంది, కింద పెట్టు," అంది.

హారతి సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.