వంకాయ రంగు బోయాలు

రేవు చెక్కల మీద కూర్చుని ఎర సంచుల్లో ఉప్పు చేపలు కూరుతున్న రోండాకి, "అమ్మా! అమ్మా!" అని అరుస్తూ కెల్సీ పరుగెత్తుకు రావడం చూసి గుండె జారిపోయింది. కూతురికి పంతొమ్మిదేళ్లు. సంతోషమొచ్చినా ఏడుపొచ్చినా దానిది ఒకటే గొంతు. డ్వేన్ భుజం మళ్లీ పట్టేసిందో, పడవ రాళ్లకెక్కిందో, మామగారు మెట్ల మీద జారిపడ్డాడో! రెప్పపాటులో మొగుడినీ మామనీ ఆస్పత్రిలో చేర్చేసింది మనసులో. తీరా చూస్తే దాని చేతిలో ఒక కవరు.

"రాష్ట్రం వాళ్ల దగ్గర్నుంచి. తెరువు."

"నువ్వే తెరువు. నా చేతులు కంపు."

చేతులు కంపే, కానీ తెరవాలంటే భయం కూడా. జరిమానా అయ్యుంటుంది. లేకపోతే, జాబితాలోంచి నీ పేరు కొట్టేశామని రాసుంటారు.

"నీ వంతు వచ్చిందే! లైసెన్సు! నీ పేరు మీద!"

పదకొండేళ్లు. లాబ్‌స్టర్లు పట్టుకునే లైసెన్సు కోసం ఆ జాబితాలో పేరు రాయించి పదకొండేళ్లు. అంతకుముందు పన్నెండేళ్లు డ్వేన్ పడవ వెనక భాగంలో నిలబడి బోనులు ఖాళీ చేసింది, ఎర పెట్టింది, తిరిగి నీళ్లలోకి తోసింది. ఏ ఒక్కరోజూ ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. పడవలో పనిచేసిన రోజులు రాసి, యజమాని సంతకం పెడితేనే లైసెన్సుకి అర్హత. కానీ పెళ్లాం పనిచేసిన రోజులు ఎవరు రాస్తారు? పొయ్యి వెలిగించిన రోజులు రాస్తారా? ఓ చలికాలం డ్వేన్ భుజం ఎముక పక్కకి తప్పుకున్నప్పుడు మొదటిసారి తట్టింది ఆమెకి: ఈ మనిషికి ఏమన్నా అయితే, నీళ్లలో ఉన్న ఎనిమిది వందల బోనుల్లో ఒక్కదాన్ని పైకి లాగే హక్కు కూడా తనకి లేదు. ఆ భయంతోనే పుస్తకం కొనుక్కుని రోజులు రాయడం మొదలుపెట్టింది. డ్వేన్ నవ్వుతూ సంతకాలు పెట్టాడు. "ఏం చేసుకుంటావే దీన్ని, దిండు కింద పెట్టుకుంటావా?" అన్నాడు.

ఆ పదకొండేళ్లలోనే డ్వేన్ అన్న కొడుకు ట్రావిస్ పదిహేడు నిండకుండానే రోజులు పూర్తిచేశాడు. చిన్నపిల్లలు జాబితాలో ఆగక్కర్లేదు, వెంటనే లైసెన్సు వస్తుంది. తాత ఓ పడవ ఇచ్చాడు. తాత చూపించిన చోటే బోనులు వేశాడు. "కష్టపడే కుర్రాడు" అని రేవంతా మెచ్చుకుంది. నిజమే, కష్టపడతాడు. అదే రోండాకి మింగుడుపడనిది. వాడు కష్టపడటం అబద్ధమైతే కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది.

ఆ సాయంత్రం మామగారు వెండెల్ భోజనానికి వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చినా రోజూ సముద్రం మీదే ఉంటాడు. వేయించిన హాడక్ చేప వడ్డిస్తూ రోండా లైసెన్సు మాట చెప్పింది. చెప్తుంటే గొంతు పైకి పోతోంది, చిన్నపిల్లలా.

"చూశావా!" అన్నాడు వెండెల్ బల్ల మీద చరిచి. "ఈ దేశంలో కష్టపడ్డవాళ్లకి అడ్డేముంది? నాకెవడిచ్చాడు? ఒక్కడు ఇచ్చాడా? నా చేతుల్తో నేను తెచ్చుకున్నా."

బంగాళాదుంపలు వడ్డిస్తున్న రోండా చెయ్యి ఓ క్షణం ఆగింది. ఈయన మొదటి పడవ ఈయన నాన్నది. ఈ రేవు చెక్కలు ఈయన తాత కొట్టినవి. ఆ మాటంటే అన్నం దగ్గర గొడవ. ఆయన పళ్లెంలో ఇంకో దుంప వేసింది.

"పైగా నీకు ఇంకో అదృష్టం ఉందమ్మాయ్," అన్నాడాయన. "స్ప్రౌల్ ఇంటి కోడలివి. నీ బోను ముట్టుకునే మగాడు ఈ రేవులో లేడు. బోను ఎక్కడుందో చూపిస్తూ పైన తేలే బోయాలకి మా నారింజ రంగే వేసుకో. మధ్యలో ఓ నల్లగీత గీసుకుంటే నీదని తెలుస్తుంది."

ఒకే నోటితో, ఒకే పూటలో రెండు మాటలు. కష్టమే అన్నీ ఇస్తుందన్నాడు, ఇంటిపేరే కాపాడుతుందన్నాడు. మరి తన విషయంలో ఏది? నారింజ రంగు వేసుకుంటే ఆ సంగతి బతికుండగా తెలియదు. చేపల డబ్బాల కంపెనీలో పనికొచ్చి ఈ ఊళ్లో చచ్చిపోయిన తన నాన్నకి సముద్రం మీద రంగులే లేవు. ఆ ఆలోచన ఎక్కణ్నుంచి వచ్చిందో గాని, దాని వెనకే మాట కూడా వచ్చేసింది.

"రంగులు రాసేశాను, లైసెన్సు కాగితం మీద. బోయా అంతా వంకాయ రంగు. తలకి పసుపు."

డ్వేన్‌కి నీళ్లు పొలమారాయి. "రంగులేసిన ఈస్టర్ గుడ్లలా ఉంటాయే!"

"ఉండనీ. దూరం నుంచి కనపడతాయి."

"సరేలే. మరి నా పడవ వెనక ఎవరుంటారు?"

"మనిషిని పెట్టుకో."

"పెట్టుకుంటే రాబడిలో ఐదో వంతు అడుగుతాడు!"

"అడుగుతాడు," అంది రోండా. "అందరూ ఇస్తున్నదే."

డ్వేన్ ఫోర్కు చేతిలో పట్టుకుని ఆమె వైపు చూశాడు. ఇరవై మూడేళ్ల ఐదో వంతులు అతని కళ్లముందు వరసగా వెళ్తున్నాయేమో. కెల్సీ మొహం పళ్లెంలోకి దించుకుని భుజాలు కదిలేలా నవ్వుతోంది.

చలికాలాల్లో ఫర్ చెట్ల కొమ్మలు విరిచి క్రిస్మస్ దండలు కట్టి దాచుకున్న డబ్బుతో రోండా ఓ చిన్న మోటారు పడవ కొంది. డ్వేన్ పారేసిన పాత బోనులు యాభై ఏరి తీగలు బిగించుకుంది. షెడ్డులో బోయాలకి రంగు వేస్తుంటే చెవుల వెనక కూడా వంకాయ రంగు అంటింది. ఎన్ని భయాలో. తాడు కాలికి చుట్టుకుని కెల్సీ నీళ్లలోకి పోతుందేమో. మోటారు ఆగిపోతుందేమో. బోనులన్నీ ఖాళీగా వస్తే రేవంతా నవ్వుతుందేమో. భయాలన్నీ లెక్కపెట్టుకుంటూనే ఈల వేస్తోంది. ఈల వెయ్యడం తనకి వచ్చని ఆమెకే గుర్తులేదు.

బోనులు దక్షిణపు రాళ్ల పక్కన వేసింది. జులైలో పెంకు మార్చుకున్న లాబ్‌స్టర్లు అక్కడే చేరతాయి. ఎవరూ చెప్పలేదు. ఇరవై మూడేళ్లు వెనక నిలబడి ఏ చోట ఎన్ని పడ్డాయో చూస్తే తెలిసింది.

నాలుగో రోజు తల్లీకూతుళ్లు బోనులు లాగడానికి వెళ్లారు. మొదటి బోను పైకి వస్తుంటే రోండా కళ్లు మూసుకుంది.

"అమ్మా, తెరిచి చూడు!"

ఐదు! పచ్చగా, నల్లగా, తోకలు టపటపా కొట్టుకుంటూ. కొలబద్ద పెట్టింది. మూడు కొలతకి నిలిచాయి, ఒకటి చిన్నదని వదిలేసింది. ఐదోదాని పొట్ట నిండా గుడ్లు. గుర్తుగా తోక రెక్క మీద చిన్న గాటు పెట్టి, "పో తల్లీ, పిల్లల్ని కను, నిన్నిక ఎవరూ పట్టుకోకూడదు" అని నీళ్లలోకి వదిలింది. రెండో బోనులో నాలుగు. మూడో దాంట్లో ఆరు! కెల్సీ పడవలో గెంతుతుంటే, "కూర్చో, పడతావే" అని అరుస్తూ తానూ నవ్వుతోంది.

పదో బోయా పట్టుకుని పైకి తీయగానే నవ్వు ఆగిపోయింది. బోయా నెత్తిన నిలబడిన కర్రకి, దాని తాడే తెచ్చి రెండు చుట్లు వేసి ముడి బిగించారు.

"ఇదేంటి, అలలకి చుట్టుకుందా?"

"కాదు," అంది రోండా. ఈ రేవులో ఆ ముడికి ఒకటే అర్థం: ఇక్కణ్నుంచి వెళ్లిపో. మాట వినకపోతే తర్వాత తాడు కోస్తారు. కోసిన బోను సముద్రం అడుగున ఉండిపోతుంది, ఇక దొరకదు.

వేళ్లతో ముడిని తడిమింది. చుట్టు ఎడమ వైపు తిరిగి ఉంది. ఎడమచేతివాటం ముడి. అలాంటి ముడులు ఎన్ని విప్పలేదు! మామగారి పడవ తాళ్లన్నీ ఇలాగే ఉంటాయి. చూపెత్తింది. కేకేస్తే వినపడే దూరంలో వెండెల్ తన నారింజ బోయాల మధ్య వంగి పనిచేసుకుంటున్నాడు.

ఇంటికి పోదామనిపించింది. కానీ బోయాని నీళ్లలో వదిలి, మోటారుని ఆయన వైపు తిప్పింది.

"ఇది మీరే కట్టారు కదూ?"

వెండెల్ దాచలేదు. "నీ మంచికే అమ్మాయ్. బయటివాడు కట్టకముందే నేను కట్టా. ఎవరివా రంగులు? రేవులో ఎవడికి తెలుసు?"

"నావి. మీకు తెలుసుగా."

"నారింజ వేసుకుని ఉంటే ఈ గొడవే లేదు. ఈ రాళ్ల దగ్గర వెయ్యడానికి ఎవర్నడిగావ్?"

"మీరెవర్నడిగారు?"

"నేనడగడమేంటి? మా నాన్నే చూపించి, ఇక్కడ వెయ్యరా అని..."

మాట అక్కడ ఆగింది. నాకెవడిచ్చాడు అని బల్ల చరిచిన చెయ్యి పడవ అంచు పట్టుకుంది. ముసలాయన మెడ మీద ఎరుపు మెల్లగా చెవులదాకా ఎక్కింది.

"నాకు ఎవరూ చూపించలేదు," అంది రోండా. కేకలేస్తుందనుకుంది గాని, గొంతు మామూలుగానే వచ్చింది. "మీ అబ్బాయి పడవ వెనక నిలబడి చూసుకున్నాను."

పడవ వెనక్కి తిప్పింది. పదో బోను లాగితే రెండు వచ్చాయి. కొత్త ఎర పెట్టి, తీసినచోటే, అంగుళం జరపకుండా దింపింది. బోయా ఇంకా చేతిలో ఉంది. కోస్తే యాభైకి యాభై తాళ్లూ కోస్తారేమో. కోయనీ, ఇంకో యాభై బోనులు బాగుచేస్తుంది. ఆ మాట మనసులో అనుకోగానే ఒళ్లంతా జిల్లుమంది.

"ఇటివ్వమ్మా, ఆ ముడి విప్పేస్తా," అంది కెల్సీ.

"విప్పొద్దు," అంది రోండా. "అలాగే ఉండనీ. వెళ్లిపొమ్మన్నారని, వెళ్లలేదని, వచ్చేపోయే ప్రతి పడవా చూడాలి."

ముడితో సహా వంకాయ రంగు బోయాని నీళ్లలోకి విసిరింది.