తమ్ముడి వాటాకి పోయిన ఇరుసు

పొద్దు కుంకే వేళకి కోసర పెరటి పనులన్నీ ఆపి గేటుకి గొళ్ళెం వేసేది. నక్కల భయంతో కాదు. అది తమ్ముడి ట్రాలీ వచ్చే వేళ. లాగే ట్రాక్టరు లేకుండా, తోసే మనిషి లేకుండా, ఆ రెండు చక్రాల చెక్కపెట్టె తనంతట తానే కొండదారి ఎక్కి వచ్చి ముందున్న ఇనపకాడితో గేటుని ఢీకొట్టేది. కోసర బయటికెళ్ళి దాన్ని ఒక తన్ను తన్నేది. అది కదిలేది కాదు. కాసేపటికి తమ్ముడు రదీశా మోకు పట్టుకుని వచ్చి, అక్క మొహం చూడకుండా, దాన్ని కట్టుకుని లాక్కుపోయేవాడు. ఓసారి గొలుసుతో చెట్టుమొద్దుకి కట్టేశాడు. మొద్దుతో సహా వచ్చింది.

ఊళ్ళో ఎవరికీ ఇందులో వింత కనపడలేదు. ట్రాలీ కింద ఉన్నది వాళ్ళ నాన్న కారు వెనక ఇరుసు. బతికినన్నాళ్ళూ ఆయన సాయంత్రం ఇంటికి చేరింది దానిమీదే. ఇరుసులకి దారి గుర్తుంటుందని ఆ కొండల్లో అందరికీ తెలుసు. పాత ఇరుసు కొనేవాళ్ళు ధర అడిగే ముందు అది ఎవరిదో అడుగుతారు.

నాన్న పోయాక వాటాలు పడ్డాయి. ఆలూబుఖారా తోట చెరిసగం. ఇల్లు కోసరది, దిగువనున్న కొట్టం రదీశాది. కారు దగ్గర పేచీ వచ్చింది. "కారు ఆవిడకే ఇవ్వండి. నా సగం నేను తీసుకుపోతా," అని రదీశా జాకీ పెట్టి వెనక ఇరుసు ఊడదీసుకుపోయాడు. అక్క వచ్చి అడుగుతుందని చూశాడు. కోసర అడగలేదు. నాన్న పోయిన నలభయ్యోరోజు భోజనాల దగ్గర, అందరూ ప్రార్థన చేసే పాదిరీ వైపు చూస్తుండగా, "ఆ కారు నా గేటు దాటిందంటే వీడి ఇరుసు లేకుండానే దాటుతుంది," అంది. అప్పట్నించీ ఇద్దరికీ మాటల్లేవు. ఆ పాత జాస్తవా కారు వెనక భాగం ఓక్ దుంగలమీద కూర్చునే ఉంది. ఇంజన్ని మాత్రం కోసర ఆదివారం ఆదివారం స్టార్టు చేసి రొద పెట్టించేది, కింద కొట్టంలో వాడికి వినపడాలని.

ఈ ఏడు ఆకులు రాలే వేళకి కొండమీదికి బస్సు తిరగడం ఆగిపోయింది. కోసర కొండపల్లెలు తిరిగే నర్సు. మంచం దిగలేని వాళ్ళ పుండ్లకి కట్లు కట్టేది, షుగరు సూదులు వేసేది. ఆస్పత్రి పెద్ద పిలిచి చెప్పాడు: సోమవారానికి సొంత బండి ఉంటే కొండలు ఆమెవి, లేకపోతే కింద పట్నంలో చీటీలిచ్చే కిటికీ వెనక కూర్చోవాలి. ఆ కిటికీ తలుచుకుంటేనే కోసరకి ఒళ్ళు మండింది.

పాత ఇనప సామాన్ల దొడ్డికి వెళ్ళింది. దొడ్డివాడు ఆమెను చూసి నవ్వాడు. "మీ తమ్ముణ్ణి అడిగితే పోయేదానికి ఇంతదూరం ఎందుకమ్మా?"

అంతే. ఆమె చేతికి దగ్గరగా ఉన్న ఇరుసు చూపించి, ఎవరిదని కూడా అడక్కుండా, బండికెత్తించమంది.

శనివారం మధ్యాహ్నం మెకానిక్ స్రెత్కో వచ్చాడు. కాఫీ తాగనిదే పానా ముట్టని మనిషి. రెండు కప్పులు తాగి, కొత్త ఇరుసు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ముందు చక్రాలు తొడిగి నేలమీద వదిలి చూద్దాం తల్లీ. ఎటు పోతుందో తెలియాలిగా."

"నేను తిప్పిన వైపు పోతుంది. ఎత్తు బాబాయ్."

"ఎవరిదని అడిగావా?"

"ఎత్తమన్నానా?"

రెండు జాకీలమీద దాన్ని, కారు అడుగున స్ప్రింగుల్లా పనిచేసే కమాన్ కట్టల కిందికి లేపారు. కట్ట అడుగున పొడుచుకొచ్చిన మేకు ఇరుసుమీది గుంటలో దిగాలి. ఎడమ పక్క దిగింది. కుడి పక్క రెండు వేళ్ళ తేడా వచ్చింది.

"ఇంకో బెజ్జం వేస్తే సరి," అన్నాడు స్రెత్కో.

"వెడల్పు ఎక్కువ ఉన్నట్టుంది కదా. చక్రం పెట్టి చూడు."

చక్రం పెట్టి చేత్తో తిప్పితే మడ్‌గార్డుకి గీరుకుంటూ కర్రుమంది.

"మడ్‌గార్డుని సుత్తితో కాస్త బయటికి కొడదాం."

"మా నాన్న కారుని నువ్వు సుత్తితో కొడతావా?"

"కొట్టకపోతే నువ్వు నన్ను కొట్టేలా ఉన్నావు. దింపుతా ఉండు."

రెండో చక్రం కూడా తొడిగి కిందికి దింపారు. నేల తగలగానే ఇరుసు కదిలింది. పెరడు అడ్డంగా దాటి గేటు ముందు ఆగింది. స్రెత్కో గేటు తెరిచాడు. అది పల్లంలోకి దొర్లింది. ఇద్దరూ వెనకాలే నడిచారు. లోయ మలుపులో, అక్కడే కారు పడి చనిపోయిన కుర్రాడి బొమ్మ చెక్కిన రాతి పక్కన, ఒక చక్రం లోయమీద గాల్లోకి పెట్టి ఆగిపోయింది.

స్రెత్కో టోపీ తీశాడు. కోసర రాతిమీది పేరు చదివింది. ఆ కుర్రాడికి చిన్నప్పుడు టీకా వేసింది తనే. జేబులో అగ్గిపెట్టె ఉంటే, రాతి ముందు ఆరిపోయి ఉన్న కొవ్వొత్తి వెలిగించింది.

"సోమవారం పొద్దున నువ్వు దీనిమీదే కొండ ఎక్కబోయావు," అన్నాడు స్రెత్కో. "ఎవరిదని అడగడానికి నీకు నోరు రాలేదు."

దాన్ని అక్కడే వదిలి తిరిగొచ్చేసరికి పొద్దు కుంకింది. ఈ గొడవలో గేటు వేయలేదు. రదీశా ట్రాలీ పెరట్లో నిలబడి ఉంది, కారు వెనక, కాడి బంపరుకి ఆనించి. పెట్టె నిండా ఎర్ర మిరపకాయల బుట్టలు. రదీశా మోకు భుజాన వేసుకుని లాగుతున్నాడు. చక్రాలు నేలలో పాతుకున్నట్టు ఉన్నాయి.

"బాబాయ్, వాణ్ణి నా పెరట్లోంచి పొమ్మను," అంది కోసర.

"బాబాయ్, పోవడానికే లాగుతున్నానని ఆవిడకి చెప్పు."

"చెవులున్నాయి మీ ఇద్దరికీ," అన్నాడు స్రెత్కో. ముగ్గురూ కలిసి లాగారు. రాలేదు. అతను చెమట తుడుచుకుని మెల్లిగా అన్నాడు, "పెట్టె తీసేసి ఒకసారి కారు కింద పెట్టి చూస్తే? ఊరికే, కుదురుతుందో లేదోనని."

"కుదరదు," అన్నాడు రదీశా. "పెట్టె బిగించడానికి దాన్ని నేనే కోసి, వెల్డింగు పెట్టించా. ఇక ఏ కారుకీ పనికిరాదని ఆవిడకి చెప్పు."

"వాడు అబద్ధాల కోరని వాడికి చెప్పు. వెల్డింగు పెట్టించే తీరిక వాడికెప్పుడుంది?"

రదీశా మొహం ఎర్రబడింది. బుట్టలన్నీ దబదబా కింద పెట్టి, పానా అందుకుని, పెట్టెని ఇరుసుకి పట్టి ఉంచిన బోల్టులు ఒక్కొక్కటే తనే విప్పాడు. "కుదరకపోతే ఏం చేస్తుందో అడుగు."

"కుదిరితే వాడేం చేస్తాడో అడుగు."

కమాన్ కట్టలు ఎత్తి పట్టుకుంది కోసర. జాకీ తిప్పింది రదీశా. ఇద్దరూ ఒకళ్ళ తప్పు ఒకళ్ళకి చూపించాలని పోటీపడి పనిచేశారు. రెండు మేకులూ రెండు గుంటల్లో ఒకేసారి టక్కున దిగాయి. ఇరుసు మధ్యనున్న గుండుకి ఇంజన్ నుంచి వచ్చే షాఫ్టు ఆనిస్తే నాలుగు బోల్టులూ వేళ్ళతోనే లోపలికి పోయాయి. చక్రం తిప్పితే మడ్‌గార్డుకి తగలకుండా చప్పుడు లేకుండా తిరిగింది. వెల్డింగు మచ్చ ఎక్కడా లేదు.

స్రెత్కో యూ బోల్టులు బిగించి, బ్రేకు గొట్టం కలపడం మొదలుపెట్టాడు.

"చూశావుగా, ఇంక ఊడదీసి ఇచ్చెయ్యి," అన్నాడు రదీశా. స్రెత్కో పానా వేసి వెనక్కి తిప్పాడు. నట్టు కదల్లేదు. రదీశా పానా లాక్కుని, పైపు తొడిగి, దానిమీద నిలబడ్డాడు. పైపు వంగింది.

"నా మిరపకాయలు సంతకి ఎలా పోతాయో అడుగు బాబాయ్."

"నాకేం తెలుసని చెప్పు," అంది కోసర.

చక్రాల్లేని పెట్టెనీ, బుట్టల్నీ పెరట్లోనే వదిలేసి రదీశా వెళ్ళిపోయాడు. తర్వాత చీకట్లో తోపుడుబండి తెచ్చి బుట్టలు మాత్రం తీసుకుపోయాడు. తన మాట పోయినందుకు కోసరకి ఆ రాత్రి నిద్రలేదు. కారు గేటు దాటబోతోంది, వాడి ఇరుసుమీదే.

సోమవారం తెల్లారకముందే మందులపెట్టె ముందు సీట్లో పెట్టుకుని బయల్దేరింది. గేటు దాటింది. పట్నం వైపు తిరక్కుండానే, కొండ వైపు తిరక్కుండానే, కారు కొట్టం ముందు ఆగింది. నాన్న పొద్దున్నే పాలక్యాన్లు ఎక్కించుకునే చోటు. పెడలు తొక్కింది. ఇంజను అరిచింది కానీ చక్రాలు కదల్లేదు. హారను కొట్టింది. మళ్ళీ కొట్టింది.

రదీశా చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. కారుని చూశాడు, అక్కని చూశాడు. లోపలికెళ్ళి బుట్టలు తెచ్చి డిక్కీలో పెట్టాడు. మిగిలినవి వెనక సీట్లో పెట్టి, వాటి పక్కన ఇరుక్కుని కూర్చుని, తలుపు ధడాలున వేశాడు.

"తలుపు మెల్లిగా వెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు," అంది కోసర, అద్దంలోంచి అతని మొహంలోకే చూస్తూ.

కారు కదిలింది.