నడిమి గోడ

లాల్‌సింగ్ పెరటికి, వెంకటనారాయణ పెరటికి నడుమ ఒక్కటే గోడ. మనిషెత్తు మట్టి గోడ. తండా నుంచి ఊర్లెకు వచ్చిన లాల్‌సింగ్ తండ్రి, కృష్ణ దిక్కు నుంచి భూములు కొనుక్కొని వచ్చిన వెంకటనారాయణ తండ్రి, ఒకరు మట్టి తొక్కితే ఒకరు ముద్దలందిస్తూ పెట్టిన గోడ అది. మట్టి గోడకు నెత్తి తడవొద్దు. అందుకని ఏటా రోహిణి కార్తెల దానిమీద తాటాకు పరిచి, పైన బంకమట్టి మెత్తాలె. ఒక ఏడు వీళ్లు, ఒక ఏడు వాళ్లు. ముప్పై ఏండ్లు వంతు తప్పలేదు.

నిరుడు వెంకటనారాయణ వంతు. ఆయన భార్య హైమ తమ్ముడికి బాగలేదని ఆలుమగలు పదిహేను రోజులు కల్లూరుల ఉండిపోయిండ్రు. ఇక్కడ మబ్బు పట్టింది. లాల్‌సింగ్ ఎవర్నీ అడగలేదు, తనే కప్పేసిండు. ఈ ఏడు తన వంతు వచ్చేసరికి గోడ అవతలికి కేకేసిండు.

"నారాయణన్నా, నిరుడు మీ వంతు నేను కప్పిన. ఈసారి మీరు కప్పాలె."

"నిరుడు నిన్నెవరు కప్పమన్నారు నాయక్? నీ వంతు వచ్చింది, నువ్వు కప్పు."

"నేను కప్పకపోతే మీ చిక్కుడు పాదు గోడతోని కలిసి పండుకునేది."

"పండుకుంటే మేం లేపుకునేవాళ్లం. మధ్యలో నీకేంటి నొప్పి?"

అక్కడ ఆగితే అయిపోయేది. లాల్‌సింగ్ తక్కువ మాటల మనిషి. అసొంటోడు కోపంల నోరు తెరిస్తే మాట బరువుగ పడ్తది.

"అట్లనా? ముందటేడు నేనే, నిరుడు నేనే, ఈ ఏడు గూడ నేనే కప్పుత. మూడేండ్లు వరసగ కప్పినోడిదే గోడ. ఊర్ల ఎవర్నన్న అడుగు."

ఊరి పాత కట్టుబాటు అదే. వెంకటనారాయణ ఉరికిపోయి పెద్దమనిషి పగిడయ్యను తీసుకొచ్చిండు. పగిడయ్య ఈ దిక్కు ఒకసారి, ఆ దిక్కు ఒకసారి నిలబడి చూసిండు. బీడీ ముట్టించిండు.

"ఈ గోడకే నోరుంటే మిమ్మల్ని ఇద్దర్నీ తన్నమంటది. సర్వేయర్ వచ్చి కొలిచేదాక ఎవడూ దానిమీద చెయ్యెయ్యొద్దు. ఏసినోడిది తప్పు."

సర్వేయర్ రాలేదు. వాన వచ్చింది.

లాల్‌సింగ్ భార్య జమ్లి మిర్చి ఆరబోసే పట్టా మడత పట్టుకొని లేచింది. "గిదన్న కప్పొస్త."

"కూసో."

"మీ పంచాయితీ గోడకేం తెలుసయ్యా? హైమ వదినె దాని కిందనే కూసొని గిన్నెలు తోముతది."

"పగిడయ్య మాట ఇనలేదా? కూసో అంటే కూసో."

మూడు దినాలు ఇడవకుండ కొట్టింది. నాలుగోనాడు బర్రెకు గడ్డెయ్యబోయి లాల్‌సింగ్ ఆగిండు. గోడ అడుగున, తన దిక్కు, అడ్డంగ పగులు. వేలు పెడితే రెండో కణుపు దాక పోయింది. తలెత్తి చూస్తే గోడ నడుము అవతలికి ఒంగి ఉన్నది. అవతల చిక్కుడు తీగ దట్టంగ కమ్ముకున్నది. వాళ్లకు ఆకులు తప్ప ఏమీ కనపడదు.

పిలుద్దామని గోడ నెత్తిన చెయ్యేసి నోరు తెరిచిండు. అంతల్నే అవతల అరుగు మీద నుంచి వెంకటనారాయణ తల లేచింది.

"ఏంటి నాయక్, గోడ మీద చెయ్యేస్తున్నావ్? చూస్తానే ఉన్నా నీ దొంగ పనులు!"

లాల్‌సింగ్ చెయ్యి తీసిండు. నోట్లె ఉన్న మాట మింగిండు. వాళ్ల కండ్లు వాళ్లకు లేవా, అనుకున్నడు. పడితే వాళ్ల దిక్కే పడ్తది, అప్పుడు తెలుస్తది, అని గూడ అనుకున్నడు. గిన్నెల సంగతి యాదికొచ్చింది. పక్కకు నెట్టిండు. జమ్లికి చెప్పలేదు. చెప్తే ఆమె ఆగదు, పోయి చెప్పేస్తదని ఎరుకే. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి పోయి పగులు చూసి వచ్చేటోడు. రెండు వేళ్లు పట్టేటంత అయ్యింది.

మట్టి గోడ వానల పడదు. వాన ఎలిసి ఎండ తాకినప్పుడు పడ్తది. ఏడోనాడు తెల్లగ ఎండ కాసింది. హైమ అంట్లన్నీ ముందలేసుకొని గచ్చుమీద కూసున్నది. పెద్ద చప్పుడేం కాలేదు. ఒడ్ల బస్తా దించినట్టు ఒక్క దెబ్బ. ఎనకనే ఒక గిన్నె దొర్లుకుంట పోయి ఆగింది.

మట్టిల పడ్డ మొదటి చేతులు లాల్‌సింగ్‌వే. గోర్లు లేచిపోయేదాక తోడిండు.

ఖమ్మం దవాఖానాల నెలన్నర ఉన్నరు. హైమ పానం దక్కింది. నడుము కింద కాళ్లల్ల కదలిక దక్కలేదు.

ఆమెను ఇంటికి తెచ్చిన నాలుగు రోజులకు పగిడయ్య అందర్నీ ఆమె మంచం కాడనే కూసోబెట్టిండు. సర్వే మాట ఎవరూ ఎత్తలేదు. చెరి సగం పెట్టుకొని ఇటుక గోడ కట్టుకోవాలె అన్నడు. లాల్‌సింగ్ తలూపిండు. వెంకటనారాయణ "మీ ఇష్టం" అన్నడు. చాయ్ చల్లారకముందే తగువు తెగిపోయింది. జమ్లి మంచం మీద కూసొని హైమ కాళ్లకు నూనె రాస్తున్నది.

"అన్నయ్యా," అన్నది హైమ. "మీ వైపు నుంచి ఏమీ కనపడలేదా?"

"వానల ఏం కనపడ్తదమ్మా," అన్నడు పగిడయ్య జల్దీగ. "దేవుడు చేసిన పని."

పగిడయ్య మాటకు అవ్ అంటే చాలు. లాల్‌సింగ్ నూనెతో మెరుస్తున్న ఆ కాళ్ల దిక్కు చూసిండు.

"కనపడ్డది," అన్నడు.

"ఎప్పుడు?"

"మూడు దినాల ముందు."

వెంకటనారాయణ సర్రున లేచిండు. ఏదో అనబోయి, ఏదో యాదికొచ్చినోని లెక్క నోరు మూసుకొని మళ్ల కూలబడ్డడు. నువ్వు దొంగ అన్నవు, అందుకే చెప్పలేదు అని అనొచ్చు. లాల్‌సింగ్ అనలేదు. హైమ మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది.

జమ్లి చెయ్యి ఆగింది. తలెత్తి మొగుని దిక్కు చూసింది, కొత్త మనిషిని చూసినట్టు.

"పోదాం పా," అన్నడు.

"నువ్ పో."

మళ్ల నూనె గిన్నెల వేళ్లు ముంచి కాళ్లు రుద్దుడు మొదలుపెట్టింది.

పెరట్ల గోడ లేదు. అడ్డంగ నడిస్తే ఇరవై అడుగుల ఇల్లు. లాల్‌సింగ్ ముందటి వాకిట్ల నుంచి దిగి, వీధంతా చుట్టు తిరిగి పోయిండు. బర్రెకు తనే నీళ్లు పెట్టిండు. జమ్లి ఆ పూట అన్నానికి రాలేదు.