తాగని తోలు

ఆదివారం పొద్దున ఏడింటికి ఉషారాణి కారు నాలుగు తలుపులూ బార్లా తెరిచింది. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ ఉన్నవాడి కారంటే సీట్ల కుట్లలో బూడిదరంగు పొడి పేరుకోక తప్పదు. దాన్ని మెత్తటి బ్రష్షుతో దులపాలి, తడిగుడ్డతో తుడవాలి, ఆరాక తోలుకు రాసే కండిషనరును గుండ్రంగా రుద్దాలి. "అసలు తోలు ఇది. వారం వారం మేపకపోతే పగులుతాది," అని భర్త గోపాలకృష్ణ కారు కొన్ననాడే చెప్పాడు. మూడేళ్ళుగా మేపుతూనే ఉంది. కాని బడిలో భౌతికశాస్త్రం చెప్పే ఉషారాణికి ఒక్క సంగతి కొరుకుడు పడటం లేదు. గుడ్డమీద ఎంత పోస్తే అంతా గుడ్డలోనే మిగులుతోంది. ఇన్నేళ్ళు తిన్న తోలు ఒక్క చుక్కయినా తాగదేం?

డ్రైవరు సీటు అంచు పగిలిన వారం అత్తగారు రామతులసమ్మ గడపలో నిలబడే తీర్పు చెప్పింది. "మీ మామ చెప్పులకు ఆముదం పట్టిస్తే పదేండ్లు వచ్చినాయి. నువ్వు మనసు పెట్టి రాసుంటే ఇట్ల పగిలేదా?" ఉషారాణి ఆముదమూ పట్టించింది. పలకపొడి దానికి అంటుకుని సీటు గరుకు కాగితంలా తయారైంది, భర్త తెల్లచొక్కాకు మరక పడింది. ఆ తప్పూ ఆమెదే అయింది.

పెద్దారవీడు బడిలో ఆదివారాలు ఆడపిల్లల చేత ప్రయోగాలు చేయించమని అక్కడి హెడ్మిస్ట్రెస్ అడిగి నెల దాటింది. "నువ్వు పోతే సీట్లెవరు చేస్తారు?" అన్నాడు గోపాలకృష్ణ. ఈ రోజు రాకపోతే వేరొకరిని చూసుకుంటామని ఆవిడ నిన్ననే ఫోన్ చేసింది.

ఉషారాణి సీటుమీద నీళ్ళచుక్క వేసింది. చుక్క ఇంకకుండా నిలిచింది. అయితే కారు తోలుకు పైన రంగుపూత ఉంటుంది, చుక్క నిలవడం రుజువు కాదు అని తనకు తానే అభ్యంతరం చెప్పుకుంది. అనుమానం ఎంత గట్టిదైనా సాక్ష్యం కాదు. వంగి, సీటు అడుగుకు టార్చి వేసింది. తోలయితే వెనకవైపు పీచుపీచుగా ఉండాలి. మడిచి పిన్నులు కొట్టిన అంచున కనబడింది తెల్లటి అల్లిక గుడ్డ, దానిమీద పలచటి ప్లాస్టిక్ పొర. పగులులో గోరు పెట్టి చూసింది. అక్కడా దారాలే.

గోపాలకృష్ణ కాఫీ గ్లాసుతో బయటికి వచ్చాడు.

"ఏమండీ, ఇది తోలు కాదు. రెక్సిను."

అతను ఉలిక్కిపడలేదు. అదే ఆమెకు అనుమానం తెప్పించింది.

"మెల్లగా మాట్లాడు," అన్నాడు వీధివైపు చూస్తూ.

"మీకు ముందే తెలుసా?"

"కొన్ననాడే తెలుసు. తోలుకు అంత ఖర్చు ఎవడు పెడతాడు?"

"మరి మూడేండ్లు నాతో ఎందుకు రాయించినారు?"

అతను నవ్వాడు. "సీట్లను చూసి ఎవరు నమ్మినారు? నువ్వు రుద్దేది చూసి నమ్మినారు. అసలుది కాకుంటే టీచరమ్మ ఇంత కష్టపడతాదా అని మన పలకలు కొనే కనిగిరి పార్టీ నాతోనే అనె."

ఉషారాణి తన వేళ్ళవైపు చూసుకుంది. దేన్నీ పరీక్షించకుండా నమ్మవద్దని ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పింది. ఆ చేతులనే అతను ఒక అబద్ధానికి పూచీగా వీధిలో నిలబెట్టాడు. పగులు ఆమె నిర్లక్ష్యం వల్లనేనని అత్తగారు అన్నప్పుడు కూడా అతనికి నిజం తెలుసు. తెలిసే ఊరుకున్నాడు. ఈ ఇంట్లో తాను అరచేతులు అరిగేలా రుద్దుతున్నవాటిలో ఇంకా ఎన్నింటికి అడుగు చూడలేదో!

సీసా మూత బిగించింది. చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, సంచీ భుజాన వేసుకుంది. ఎదురింటి సావిత్రమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ పిలిచింది.

"ఏందమ్మా ఉషా, సీట్లు సగంలో వదిలిపెట్టి పోతున్నావు?"

"పెద్దారవీడు బడికి పిన్నీ. ఇంక ఆదివారాలన్నీ అక్కడే."

"మరి తోలు పగలదా?"

గేటు దగ్గర గోపాలకృష్ణ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగింది. ఉషారాణి వెనక్కి తిరిగి, తరగతిలో చివరి బెంచీకి కూడా వినబడే గొంతుతో చెప్పింది.

"పగలడానికి అది తోలయితే కదా పిన్నీ!"