వెనక్కి రాని నెత్తురు

చారులో ఉప్పు ఎక్కువైందని అత్తగారు రుక్మిణమ్మ అన్నప్పుడు, ఎక్కువ కాలేదని తెలిసి కూడా పంకజాక్షి "సరే అత్తా, రేపు తగ్గిస్తాను" అంది. పన్నెండేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఆమె కొత్తగా నేర్చుకున్న విద్య ఈ "సరే" ఒక్కటే. మిగిలిన పనులన్నీ పుట్టింట్లోనే నేర్చుకుని వచ్చింది. పిండి రుబ్బి, రెండు క్యారియర్లు కట్టి, తెల్లచీర చుట్టుకుని తిరుపతి ఆసుపత్రికి బస్సులో పరుగెత్తేది. మొగుడు ధనంజయ అదే ఆసుపత్రి ఆఫీసులో గుమాస్తా. ఆయన సైకిలు మీద వెళ్ళేవాడు. దారి ఒకటే అయినా నర్సును వెనక ఎక్కించుకోవడం ఆయనకు నామోషీ.

ఆ ఉదయం వార్డులో వడమాలపేట భారతమ్మ ఉంది. కాన్పయి తొమ్మిది రోజులు. జ్వరానికి ఒళ్ళు ఎండిపోయి చేతుల్లో నరం దొరకలేదు. డాక్టరు ప్రేమానందం మెడ ఎముక కింద ఉండే పెద్ద నరంలోకి సన్నటి గొట్టం దించాడు. పంతొమ్మిది వందల ఎనభై మూడులో ఆ వార్డుకు కొత్తగా వచ్చిన పద్ధతి అది. గొట్టం కొస తిన్నగా గుండె దగ్గరికి పోవాలి. దారి తప్పితే మెడలోకి ఎక్కుతుంది, లేదంటే ఊపిరితిత్తుల పక్కకు జారుతుంది. అందుకే ముందు సెలైన్ సీసాను మంచం కన్నా కిందికి దించి చూస్తారు, గొట్టంలోకి నెత్తురు వెనక్కి రావాలి. ఆ పైన ఎక్స్‌రే కూడా తీశాకే నీళ్ళు వదలాలి.

పంకజాక్షి సీసా దించింది. నెత్తురు రాలేదు. మళ్ళీ దించింది, రాలేదు. ఆ మాటే డాక్టరుకు చెప్పింది. ఎక్స్‌రే గది పదకొండుకు గాని తెరవరని, అందాకా ఆగితే మనిషి దక్కదని ఆయన చేతులు కడుక్కుంటూనే అన్నాడు.

"నేనేసింది సరిగానే ఉండాది. నువ్వు సీసా తగిలించు సిస్టర్."

"సరే సార్" అని ఆమె నోట్లోంచి వచ్చేసింది. ఉప్పు గురించి వచ్చినట్టే, ఏ అడ్డూ లేకుండా వచ్చింది. కాదు అనే మాట లోపల ఉంది, గట్టిగానే ఉంది. కానీ ఇంట్లో రోజుకు పదిసార్లు మింగీ మింగీ దాన్ని బయటికి తీసే అలవాటు తప్పిపోయింది. నోరు ఒప్పుకున్నాక చేతులు కూడా ఒప్పుకున్నాయి.

గంట గడిచేసరికి భారతమ్మ ఆమె కొంగు పట్టుకుంది. "సిస్టరమ్మా, ఎదమింద బరువుగా ఉండాది. ఊపిరాడలా."

పంకజాక్షి నీళ్ళు ఆగేలా గొట్టం బిగించి, డాక్టరు కోసం ఆపరేషన్ గదికి పరుగెత్తింది. డాక్టరు వచ్చి ఛాతీలోకి సూది గుచ్చితే సీసాలోని నీళ్ళే తిరిగి వచ్చాయి. అప్పటికే ఆలస్యమైపోయింది, భారతమ్మ ప్రాణం దక్కలేదు. వరండాలో భారతమ్మ తల్లి ఇంకా ఏమీ తెలియక పసిబిడ్డను ఒళ్ళో వేసుకుని, బిడ్డను పాలకు లేపమంటారా అని అడిగింది. పంకజాక్షికి ఏడుపు ఆగలేదు. ఆ ముసలామె ముందు ఏడవడానికి తనకేం హక్కుందని సిగ్గు కూడా వేసింది.

మధ్యాహ్నం ధనంజయ వార్డుకు వచ్చాడు. పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. నర్సు రాసే కాగితంలో నెత్తురు వచ్చిందని రాయించుకు రమ్మని డాక్టరు పంపాడు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడాడు.

"నువ్వేమన్నా సంపినావా ఆ భారతమ్మను? రాసేయి పంకజా. మనిద్దరి ఉద్యోగాలూ నిలబడతాయి."

సంపినావా అని ఆయన ఊరికే అన్నాడు. ఆమె ఊరికే వినలేకపోయింది. సీసా తగిలించమని చెప్పింది డాక్టరు. ఆయనకు లోకం ఇచ్చిన గొంతు ఉంది. తనకు మొగుడూ అత్తా మిగిల్చిన గొంతు ఇంతే. అదంతా నిజమే. అయినా ఆ పూట సీసా పట్టుకున్న చేతులు అత్తవీ కావు, మొగుడివీ కావు.

పంకజాక్షి కలం తీసుకుంది. రెండుసార్లు సీసా దించానని, నెత్తురు రాలేదని, డాక్టరుకు చెప్పినా తగిలించమన్నారని రాసింది. ధనంజయ భుజం మీదుగా చదివి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అక్కడితో ఆపితే తప్పంతా డాక్టరుది అయిపోయేది. ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుని ఇంకొక్క వరుస రాసి సంతకం పెట్టింది.

"నెత్తురు రాలేదని తెలిసి కూడా సీసా తగిలించింది నేనే."