మెత్తని ఆపరేషను

మా ఆసుపత్రిలో ఆపరేషను కాన్పులు ఇకమీదట మెత్తగా జరగాలని పైనుంచి కాగితం వచ్చింది. కత్తి అదే, కోత అదే. మెత్తదనం ఎక్కడినుంచి తేవాలో ఇరవై ఒక్క అంశాలుగా రాసి పంపారు. బిడ్డ బయటికి రావడం తల్లికి కనిపించేలా అడ్డుతెర అద్దంలా ఉండాలట. సన్నగా పాట వినిపించాలట. వెలుగు తగ్గించాలట. పుట్టగానే బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టాలట.

నేను ఆ గదిలో పద్దెనిమిదేళ్ళుగా ఆయాను. బల్ల తుడవడం, తల్లిని పడుకోబెట్టడం, ఆమె రెండు చేతులూ బారజాపి పక్క పలకలకు పట్టీలతో కట్టడం నా పని. కాగితంలో ఆయా ఊసే లేదు.

ముందుగా ఒకసారి ఉత్తుత్తి కాన్పు చేసి చూశారు. తల్లిగా హెడ్ నర్సు పడుకుంది.

"చేతులు కట్టనా సిస్టరమ్మా?" అని అడిగాను.

"నన్నే కడతావా? చాల్లే, అవతలికి నడు!"

ప్లాస్టిక్ బొమ్మను ఆమె గుండెల మీద పెట్టారు. రెండు చేతులా పొదువుకుని ఫోటోకు నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు. బొమ్మ కిక్కురుమనలేదు.

నిజం కాన్పుకు మొదట వచ్చింది ఒక బస్సు కండక్టరు. రెండో బిడ్డ. బల్ల ఎక్కకముందే నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దదాన్ని వరండా అంతా చూసింది ఆయమ్మా. మా ఆడపడుచు చూసింది, పక్క మంచం వాళ్ళ చుట్టాలు చూశారు, లిఫ్టు నడిపే ఆయన ముక్కుకు వంక కూడా పెట్టాడు. నాకు మాత్రం సాయంత్రం చూపించారు. ఈసారి ముందు నా దగ్గరికే రావాలి."

"వస్తుందమ్మా, కాగితంలో రాశారు."

"కాగితం సంగతి సరే. నువ్వు చెప్పు."

మాటిచ్చాను. ఇచ్చిన చేత్తోనే, అలవాటుగా, ఆమె చేతులు రెండూ కట్టేశాను.

నడుము కింద మత్తెక్కింది. వెలుగు తగ్గించారు. "నాకు కనపడొద్దా?" అని పెద్ద డాక్టరమ్మ కసిరింది. పెంచారు. కాగితంలో మాత్రం తగ్గించినట్టే టిక్కు పడింది. మత్తు డాక్టరు ఫోనులో పాట పెడితే ముందు సబ్బు ప్రకటన వచ్చింది. అదీ సన్నగానే వినిపించింది కనుక ఇంకో టిక్కు.

అంతలో కండక్టరు గొంతెత్తింది. "ఏమండీ, నాకు ఏడో నంబరు నుంచి పదమూడు దాకా కనిపిస్తున్నాయి. బిడ్డెక్కడ?"

తల్లికి ధైర్యంగా ఉంటుందని హెడ్ నర్సు ఆ అంశాలన్నీ పెద్ద అక్షరాలతో రాసి, అద్దం తెరకు ఆమె వైపే అంటించి పెట్టింది. నేను చప్పున పీకేశాను. సరిగ్గా అప్పుడే ఆడపిల్ల బయటపడి కెవ్వుమంది.

తుడిచి తల్లి గుండెల మీద పెట్టారు. పిల్ల ఇంకా జిగురుగానే ఉంది. మెల్లగా చంక వైపు జారుతోంది. కండక్టరు చేతులు విసురుగా లేచి, పట్టీల దగ్గర ఆగిపోయాయి. పలకలు టకటకలాడాయి.

"నా చేతులు! పడిపోతోందమ్మా!"

హెడ్ నర్సు పిల్లను ఒడిసిపట్టుకుని కాగితం వైపు చూసింది. "చేతులు విప్పమని ఇందులో లేదే! గుండెల మీద పెట్టాం, టిక్కు పడింది. ఇక తూకానికి తీసుకెళతాను."

"మళ్ళీ వరండాకేనా?" అంది తల్లి. ఆ గొంతులో కండక్టరు లేదు.

కట్టిందీ నేనే, మాటిచ్చిందీ నేనే. సిస్టరమ్మకు అడ్డం నిలబడ్డాను.

"సెలైను లేని చెయ్యి విప్పు ఆయమ్మా," అన్నాడు మత్తు డాక్టరు. "అసలు దాన్నెందుకు కడుతున్నాం?"

"పద్దెనిమిదేళ్ళలో ఎవరూ వద్దనలేదు బాబూ."

విప్పాను. పిల్లను మళ్ళీ గుండెల మీద పెట్టించాను. ఆ చెయ్యి లేచి చిన్న వీపు మీద వాలింది. ఏడుపు ఆగింది.

కాసేపటికి హెడ్ నర్సు గుడ్డ పట్టుకుని వచ్చింది. "ఇక ఇవ్వమ్మా. బయట మీవాళ్ళు ఎదురుచూస్తున్నారు."

"చూడనివ్వండి. నేను తొమ్మిది నెలలు చూశాను."

"ఉండనీ సిస్టర్," అంది డాక్టరమ్మ తల ఎత్తకుండానే. "నేను కుట్లు వేయడానికి ఇంకో అరగంట పడుతుంది."

"తొందరేం లేదు డాక్టరమ్మా," అంది కండక్టరు, పిల్ల తల మీది నుంచి చూపు తిప్పకుండా. "నిదానంగా కుట్టండి."